దెబ్బతిన్న మూత్రపిండాన్ని కోత లేకుండా పరిశీలించడం, కోలుకునే తీరును అంచనా వేయడం

రక్తంలో క్రియాటినిన్ పెరిగిందన్న రిపోర్టు చేతికి అందేసరికి, చాలా సందర్భాల్లో మూత్రపిండానికి దెబ్బ తగిలి ఒకటి రెండు రోజులు గడిచిపోయి ఉంటాయి. క్రియాటినిన్ కండరాల నుంచి పుట్టే వ్యర్థం. వడపోత ఒక్కసారిగా ఆగిపోయినా అది రక్తంలో పోగుపడడానికి సమయం పడుతుంది. కండ తక్కువగా ఉన్న వృద్ధుల్లోనూ చాలాకాలంగా మంచాన ఉన్నవారిలోనూ ఆ పెరుగుదల మరీ మందకొడిగా సాగుతుంది. సెలైన్ ఎక్కువగా ఎక్కించిన రోగిలో అది పలచబడి అసలు కంటే తక్కువగా కనిపిస్తుంది. పైగా రెండు మూత్రపిండాలకూ కలిపి ఆ అంకె ఒక్కటే. ఏ పొర నష్టపోయిందో, రక్తం లోపలి దాకా చేరుతోందో లేదో, మూత్రం కిందికి దిగే దారి తెరిచి ఉందో లేదో అది చెప్పదు. రోగి కుటుంబం మాత్రం ఇవేవీ అడగదు. ఈ కిడ్నీలు మళ్లీ పనిచేస్తాయా, డయాలిసిస్ ఇంకెన్నాళ్లు అని అడుగుతుంది.

సూదితో చిన్న ముక్క తీసి సూక్ష్మదర్శిని కింద చూసే బయాప్సీ కణజాలం స్థితిని నేరుగా చూపుతుంది. అయితే రక్తస్రావం జరిగే ప్రమాదం ఉన్న రోగికి దాన్ని చేయడానికి వైద్యులు సహజంగానే వెనకాడతారు. ఒక్కో మూత్రపిండంలో సుమారు 10 లక్షల నెఫ్రాన్లు (రక్తాన్ని వడపోసే సూక్ష్మ భాగాలు) ఉండగా ఆ ముక్కలో కనిపించేవి కొద్ది మాత్రమే. వారం వారం మళ్లీ తీయడం కుదరదు. అందువల్ల కోత లేని ఇమేజింగ్ పద్ధతుల విలువ పెరిగింది. వార్డులో ఇలాంటి రోగులను చూసే యువ వైద్యులనూ స్కానింగ్ చేసేవారినీ, చికిత్స అర్థం చేసుకోవాలనుకునే కుటుంబ సభ్యులనూ దృష్టిలో పెట్టుకొని ఈ పద్ధతులను ఏ క్రమంలో ఎలా వాడాలో ఇక్కడ వివరిస్తున్నాను. నా అభిప్రాయం ముందే చెబుతాను: ఒక్క స్కాన్ చూసి ఏ మూత్రపిండం భవిష్యత్తునూ తేల్చకూడదు. స్పష్టమైన ప్రశ్నతో తీసిన మొదటి బొమ్మ, సరైన సమయానికి తీసిన రెండో బొమ్మ, ఆ రెండింటి మధ్య తేడా కలిస్తేనే నమ్మదగిన అంచనా ఏర్పడుతుంది.

స్కాన్ రాయడానికి ముందు

అంతర్జాతీయ మార్గదర్శక సంస్థ కేడిగో 2012లో ఇచ్చిన నిర్వచనం ప్రకారం, క్రియాటినిన్ 48 గంటల్లో డెసిలీటరుకు 0.3 మిల్లీగ్రాములు లేదా అంతకు మించి పెరిగినా, 7 రోజుల్లో మునుపటి స్థాయికి ఒకటిన్నర రెట్లు చేరినా, శరీర బరువులో కిలోకు గంటకు 0.5 మిల్లీలీటర్ల కన్నా తక్కువ మూత్రం 6 గంటల పాటు వచ్చినా దాన్ని ఆకస్మిక మూత్రపిండ నష్టంగా పరిగణిస్తారు. ఈ నిర్వచనంలో అందరూ తడబడేది 'మునుపటి స్థాయి' అన్న మాట దగ్గర. రోగి పాత రిపోర్టుల సంచిలో ఆరు నెలల కిందటి రక్త పరీక్ష, ఏడాది కిందటి కడుపు స్కాన్ దొరికితే సగం సమస్య తీరినట్లే. ఎంత ఖరీదైన యంత్రమూ ఆ పాత కాగితానికి సాటి రాదు. కాబట్టి మొదటి పని పాత స్కాన్ కోసం వెతకడం, దొరికితే ఫిల్మును గానీ బొమ్మల ఫైలును గానీ రేడియాలజిస్టు చేతికి అందించడం.

రెండో పని, స్కాన్ కోరే కాగితంలో ప్రశ్నను స్పష్టంగా రాయడం. 'కడుపు అల్ట్రాసౌండ్, కారణం: క్రియాటినిన్ ఎక్కువ' అని రాస్తే వచ్చే సమాధానమూ అంతే పొడిగా ఉంటుంది. ఎన్ని రోజులుగా పెరుగుతోంది, రోజుకు మూత్రం ఎంత వస్తోంది, రక్తపోటు నిలబెట్టే మందులు నడుస్తున్నాయా, యూరిన్ క్యాథెటర్ (మూత్రం బయటికి తీసే గొట్టం) ఉందా, మూత్రపిండం ఒక్కటే ఉన్న వ్యక్తా, మార్పిడి చేసిన మూత్రపిండమా, ఈ మధ్య ఏ మందులు వాడారు అన్న వివరాలతో పాటు, మీరు తెలుసుకోదలచినది ఈ నాలుగింటిలో ఏదో రాయాలి: జబ్బు కొత్తదా పాతదా, దారి మూసుకుపోయిందా, రక్తం అందుతోందా, మిగిలిన కణజాలం ఎంత. ఒక్కో ప్రశ్నకు ఒక్కో పద్ధతి బాగా జవాబు చెబుతుంది. అన్నిటికీ సరిపోయే పద్ధతి లేదు.

అల్ట్రాసౌండ్‌తో మొదలుపెట్టడం

రోగి మంచం దగ్గరికే తీసుకెళ్లగలిగేదీ, రేడియేషన్ లేనిదీ, ఎన్నిసార్లయినా చేయగలిగేదీ అల్ట్రాసౌండ్ ఒక్కటే. అందుకే దాదాపు ప్రతి రోగికీ ఇదే మొదటి మెట్టు. అయితే మూత్రపిండాల దగ్గర మొదలుపెట్టకుండా ముందు మూత్రాశయాన్ని చూడడం మంచి అలవాటు. క్యాథెటర్ ఉన్నా మూత్రాశయం నిండుగా కనిపిస్తే గొట్టం మూసుకుపోయిందని అర్థం. దాన్ని కడిగితే లేదా మారిస్తే అక్కడితోనే సమస్య తీరిపోవచ్చు. క్యాథెటర్ లేని రోగిలో మూత్రానికి వెళ్లివచ్చాక మిగిలిపోయిన పరిమాణాన్ని కొలవాలి.

తరువాత పొడవు. రోగిని పక్కకు తిప్పి, ఊపిరి పీల్చి పట్టుకోమని, పై కొన నుంచి కింది కొన వరకు అతి పొడవైన కోణంలో కొలవాలి. కొంచెం వాలుగా కొలిచినా అంకె తగ్గిపోతుంది. పెద్దవారిలో సాధారణంగా 9 నుంచి 12 సెంటీమీటర్లు ఉంటుంది, ఎడమది కుడిదాని కంటే కాస్త పొడవు. రెండింటికీ మధ్య 1.5 సెంటీమీటర్లకు మించి తేడా ఉంటే ఒకవైపు పాత జబ్బు గానీ, ఆ వైపు ధమని ఇరుకు గానీ ఉందేమో ఆలోచించాలి. పొడవు తరువాత కార్టెక్స్ అనే పైపొర మందాన్ని, లోపలి పిరమిడ్ అనే త్రికోణ భాగం అంచు నుంచి బయటి పొర వరకు నిట్టనిలువుగా కొలవాలి. ఆపైన ఆ పొర ఎంత తెల్లగా కనిపిస్తోందో కుడివైపు కాలేయంతో, ఎడమవైపు ప్లీహంతో పోల్చాలి. కాలేయానికి కొవ్వు పట్టి ఉంటే ఆ పోలిక చెడిపోతుందని గుర్తుంచుకోవాలి.

చిన్నగా ముడుచుకొని, పైపొర పలచబడి, తెల్లగా మెరిసే మూత్రపిండాలు కనిపిస్తే జబ్బు నెలలదో ఏళ్లదో అయి ఉంటుంది. ఇప్పటి దెబ్బ దాని మీద పడినది. పరిమాణం మామూలుగా ఉంటే పాత జబ్బు లేదని మాత్రం అనుకోకూడదు. మధుమేహం, అమిలాయిడోసిస్ (అవయవాల్లో అసహజ ప్రోటీన్ పేరుకునే జబ్బు), తిత్తుల జబ్బు ఉన్నవారిలో ఏళ్ల తరబడి దెబ్బతిన్న మూత్రపిండాలు కూడా పెద్దవిగానే కనిపిస్తాయి. అటువైపు చూస్తే, రక్తం అందక లోపలి సూక్ష్మ గొట్టాల కణాలు చచ్చిన మూత్రపిండం, అంటే వార్డులో తరచుగా ఎదురయ్యే రకం, అల్ట్రాసౌండ్‌లో పూర్తిగా మామూలుగా కనిపించవచ్చు. 'స్కాన్ నార్మల్' అన్న మాట విని కుటుంబం ఊపిరి పీల్చుకుంటుంది. ఆ మాటకు అర్థం మూత్రపిండం బాగుందని కాదని, దారి మూసుకుపోలేదనీ పాత మచ్చలు కనిపించలేదనీ మాత్రమేనని అప్పుడే విడమరిచి చెప్పడం వైద్యుల బాధ్యత.

ఇక మూత్రం దిగే దారి. లోపలి గిన్నె వంటి భాగం ఉబ్బి కనిపించడాన్ని హైడ్రోనెఫ్రోసిస్ అంటారు. అడ్డు ఏర్పడి కొద్ది గంటలే అయినప్పుడూ, రోగిలో నీరు బాగా తగ్గిపోయినప్పుడూ, మూత్రనాళాల చుట్టూ గట్టి పీచు కణజాలం పెరిగినప్పుడూ అడ్డు ఉన్నా ఉబ్బు కనిపించకపోవచ్చు. గర్భిణుల్లో, మూత్రాశయం నిండుగా ఉన్నవారిలో, మూత్రం ధారాళంగా వస్తున్నవారిలో అడ్డు లేకపోయినా కొంత ఉబ్బు కనిపించవచ్చు. మూత్రాశయం ఖాళీ అయ్యాక మళ్లీ చూడడం, ఉబ్బినట్లు కనిపించేది రక్తనాళమేమో, రక్త ప్రవాహాన్ని రంగుల్లో చూపే కలర్ డాప్లర్‌తో తేల్చుకోవడం, అనుమానం తీరకపోతే 24 గంటల్లో మరోసారి స్కాన్ చేయడం ఇక్కడ పాటించాల్సిన పద్ధతి. పూర్తి అడ్డును సుమారు వారంలోపు తొలగిస్తే పనితనం చాలావరకు తిరిగి వస్తుంది, 12 వారాలు దాటితే కోలుకోవడం చాలా అరుదు. ఈ రెండింటి మధ్య ఉన్న రోగి విషయంలో పైపొర మందం కొంత దారి చూపుతుంది గానీ, పలచగా ఉందన్న ఒక్క కారణంతో మూత్రపిండం మీద ఆశ వదులుకోవడం తొందరపాటు. అడ్డు తీసిన కొద్ది వారాల తరువాత దాని పనిని, రేడియోధార్మిక మందు ఎక్కించి చేసే న్యూక్లియర్ స్కాన్‌తో కొలిచి అప్పుడు నిర్ణయించడమే న్యాయం.

డాప్లర్: అంకె కంటే దాని కదలిక

డాప్లర్‌లో మనం చూసేది మూత్రపిండం లోపలి చిన్న ధమనుల్లో రక్తం పారే వేగం. గుండె కొట్టినప్పటి గరిష్ఠ వేగం నుంచి, తరువాతి కొట్టుకు ముందున్న వేగాన్ని తీసివేసి, వచ్చినదాన్ని గరిష్ఠ వేగంతో భాగిస్తే నిరోధ సూచిక వస్తుంది. గరిష్ఠ వేగం సెకనుకు 50 సెంటీమీటర్లు, చివరి వేగం 20 అయితే సూచిక 0.60, చివరి వేగం 10కి పడిపోతే 0.80. ఆరోగ్యవంతులైన పెద్దవారిలో ఇది 0.60 దరిదాపుల్లో ఉంటుంది, 0.70 దాటితే ఎక్కువని అంటారు. కొలిచేటప్పుడు పిరమిడ్ల పక్కగా వెళ్లే ధమనుల్లో గానీ వాటి పైన వంపు తిరిగే ధమనుల్లో గానీ, ఎగువ, నడుమ, దిగువ మూడు చోట్ల కొలిచి సగటు తీయాలి. ఒక్క చోట కొలిచి రాసిన అంకెను నేను లెక్కలోకి తీసుకోను.

ఈ సూచిక మూత్రపిండం గురించి మాత్రమే చెబుతుందని ఒకప్పుడు అనుకొనేవారు. నిజానికి వయసుతో గట్టిపడిన రక్తనాళాలు, గుండె కొట్టుకునే వేగం, రక్తపోటు పై అంకెకూ కింది అంకెకూ మధ్య దూరం, కడుపులో పెరిగిన ఒత్తిడి, ఇవన్నీ దాన్ని మారుస్తాయి. ఐసీయూ రోగుల్లో తొలి చిన్న అధ్యయనాలు, సూచిక ఎక్కువగా ఉన్నవారిలో నష్టం రోజుల తరబడి కొనసాగుతుందని ఆశ కలిగించాయి. 2018లో వెలువడిన పెద్ద బహుకేంద్ర అధ్యయనంలో ఆ అంచనా శక్తి చాలా బలహీనమని తేలింది. దీన్నిబట్టి డాప్లర్ పనికిరాదని నేను అనను. ఒక రోగిలో ఒక రోజు తీసిన అంకెకు విలువ తక్కువ, అదే రోగిలో అదే చోట మూడు రోజుల తేడాతో తీసిన రెండు అంకెలకు విలువ ఎక్కువ అంటాను. కొలిచిన ప్రతిసారీ రక్తపోటు, గుండె వేగం, నడుస్తున్న మందుల మోతాదు పక్కనే రాస్తే తప్ప ఆ పోలికకు అర్థం ఉండదు.

ధమనుల మీద పెట్టినంత శ్రద్ధ సిరల మీద పెట్టరు, ఇది పెద్ద లోటు. గుండె బలహీనపడి గానీ, నీరు అతిగా ఎక్కించడం వల్ల గానీ సిరల్లో ఒత్తిడి పెరిగితే మూత్రపిండం నుంచి రక్తం బయటికి వెళ్లలేక లోపలే నిలిచి వడపోతను అణచివేస్తుంది. మూత్రపిండంలోని సిరలో ప్రవాహం మామూలుగా ఆగకుండా సాగుతుంది. ఒత్తిడి పెరిగేకొద్దీ అది మొదట రెండు విడి అలలుగా, తరువాత గుండె సడలే సమయంలో మాత్రమే కనిపించే ఒక్క అలగా మారుతుంది. ఈ మార్పును, కింది మహాసిర వెడల్పు 2 సెంటీమీటర్లు దాటిందా అన్న దానితోనూ, కాలేయ సిర, పోర్టల్ సిర (పేగుల నుంచి కాలేయానికి రక్తం తెచ్చేది) ప్రవాహంతోనూ కలిపి చూసే వెక్సస్ అనే పద్ధతి 2020లో వెలువడింది. దీనికి అంచనాలోనే కాక చికిత్సలోనూ విలువ ఉంది: ఒక్క అల కనిపిస్తున్న రోగికి మూత్రం రావడం లేదని మరో సీసా సెలైన్ ఎక్కిస్తే హాని జరుగుతుంది. నీరు తీసేశాక ఆ ప్రవాహం మళ్లీ సాఫీగా మారితే, వెనక్కు తిప్పగల నష్టమే అనడానికి అది మంచి ఆధారం.

సన్న బుడగల కాంట్రాస్ట్, సీటీ

ఎర్ర రక్తకణం అంత పరిమాణంలో ఉండే వాయు బుడగలను సిరలోకి ఎక్కించి చేసే అల్ట్రాసౌండ్ మరో మెట్టు. ఆ బుడగలు రక్తనాళాలు దాటి బయటికి రావు, వాటిలోని వాయువు ఊపిరితిత్తుల ద్వారా వెళ్లిపోతుంది, మూత్రపిండం మీద భారం పడదు. తరంగాలతో బుడగలను ఒకసారి పగలగొట్టి, కణజాలం మళ్లీ ఎన్ని సెకన్లలో నిండుతుందో చూస్తే సూక్ష్మ ప్రసరణ ఎలా ఉందో తెలుస్తుంది. దీని అసలు ప్రయోజనం, పైపొర మొత్తంగా చచ్చిపోయిందన్న అనుమానం ఉన్నప్పుడు కనిపిస్తుంది. ఉదాహరణకు ప్రసవంలో తీవ్ర రక్తస్రావం తరువాత మూత్రం పూర్తిగా ఆగిపోయిన తల్లిలో, లోపలి భాగం వెలుగుతూ పైపొర మాత్రం నల్లని అంచులా మిగిలిపోతే ఆ పొరకు రక్తం అందడం లేదని అర్థం. ఆ నలుపు ఎంత మేర ఉందన్నదే ఆమె కోలుకునే అవకాశాన్ని నిర్ణయిస్తుంది. అక్కడక్కడ మచ్చలుగా ఉంటే నెలల మీదైనా కొంత పని తిరిగి రావచ్చు.

సీటీ గురించి ఎక్కువ చెప్పనక్కరలేదు. రాళ్లను వెతకడానికి కాంట్రాస్ట్ (బొమ్మ స్పష్టంగా రావడానికి ఎక్కించే మందు) లేని సీటీ చాలు. కాంట్రాస్ట్ మందు వల్ల కలిగే హానిని చాలాకాలం ఎక్కువగా అంచనా వేశారని అమెరికా రేడియాలజీ కళాశాల, ఆ దేశపు జాతీయ కిడ్నీ ఫౌండేషన్ 2020లో సంయుక్తంగా ప్రకటించాయి. అయినా అప్పటికే ఆకస్మికంగా దెబ్బతిన్న మూత్రపిండం, వడపోత నిమిషానికి 30 మిల్లీలీటర్ల కంటే తక్కువ ఉన్న మూత్రపిండం జాగ్రత్త పడవలసిన కోవలోనే ఉన్నాయి. ధమని మూసుకుపోయిందన్న అనుమానం వంటి ప్రాణావసరం ఉంటే చేయించాలి; ఊరికే చూద్దామని చేయించకూడదు.

ఎంఆర్ఐ: ఎక్కువ చెబుతుంది, ఎక్కువ జాగ్రత్త కోరుతుంది

కోలుకునే తీరును అంచనా వేయడంలో ముందుముందు ఎక్కువ ఉపయోగపడేది ఎంఆర్ఐ అని నా నమ్మకం. ఒకే విడతలో, కాంట్రాస్ట్ ఏదీ ఎక్కించకుండానే, మూత్రపిండం ఘనపరిమాణాన్ని, రక్త ప్రసరణను, ఆక్సిజన్ స్థితిని, కణజాలంలో నీటినీ మచ్చనూ విడివిడిగా కొలవగలగడం దీని ప్రత్యేకత. అయితే ఇవి ఇంకా ఎక్కువగా పరిశోధన కేంద్రాల్లోనే వాడుకలో ఉన్నాయి, యంత్రం మారితే అంకెలు మారతాయి. కొలిచే పద్ధతులు ఒక్కో కేంద్రంలో ఒక్కోలా ఉంటున్నాయని గుర్తించి, ఐరోపా పరిశోధకుల బృందం పారెంకిమా 2020లో సాంకేతిక సిఫారసులను ఏకాభిప్రాయంతో ప్రచురించింది. ఈ పని మొదలుపెట్టదలచిన విభాగం వాటితోనే ప్రారంభించాలి.

రోగి సిద్ధంగా ఉండడం ముఖ్యం. స్కాన్‌కు ముందు తాగిన నీరు, ఎక్కించిన ఫ్యూరోసెమైడ్ (మూత్రం ఎక్కువగా వచ్చేలా చేసే మందు), రక్తం పలచబడడం, రాత్రంతా ఉపవాసం, ప్రతి ఒక్కటీ కొలతను కదిలిస్తుంది. అందుకే మొదటి స్కాన్ ఏ పరిస్థితుల్లో జరిగిందో రాసిపెట్టుకొని, రెండోదాన్ని అదే యంత్రం మీద, వీలైనంత అవే పరిస్థితుల్లో చేయాలి. ఊపిరి బిగపట్టలేని రోగికి ఊపిరితో పాటు కదిలే బొమ్మలను సరిచేసే పద్ధతి ఉందో లేదో ముందే అడిగి తెలుసుకోవాలి. లేకపోతే అస్వస్థుడైన మనిషిని ముప్పావుగంట ఆ గొట్టంలో ఉంచి పనికిరాని బొమ్మలతో బయటికి తేవాల్సి వస్తుంది.

రక్త ప్రసరణను కొలిచే పద్ధతిలో, మూత్రపిండంలోకి వెళ్లే రక్తంలోని నీటి అణువులకే అయస్కాంతంతో గుర్తు వేస్తారు. గుర్తు లేని బొమ్మ నుంచి గుర్తు ఉన్న బొమ్మను తీసివేస్తే, ఏ మూలకు ఎంత రక్తం చేరిందో తెలుస్తుంది. దెబ్బతిన్న తొలి రోజుల్లో పైపొర ప్రసరణ తగ్గడం, తరువాత క్రమంగా పెరగడం కోలుకునే దారిని చూపుతాయి. టీ1 అనే కొలత కణజాలంలో వాపు, నీరు, మచ్చ పెరిగితే పెరుగుతుంది, అప్పుడు పైపొరకూ లోపలి భాగానికీ మధ్య మామూలుగా కనిపించే తేడా చెరిగిపోతుంది. ఘనపరిమాణం మొదట వాపుతో పెరిగి తరువాత తగ్గుతుంది. తగ్గడం మామూలు స్థాయి దగ్గర ఆగితే శుభం. దాన్ని దాటి ముడుచుకుపోతూ ఉంటే కణజాలం నష్టపోతోందని అర్థం. చిన్న అధ్యయనాలు చూపినదాని ప్రకారం, రక్త పరీక్షలో కోలుకున్నట్లు కనిపించే కొందరిలో బొమ్మలోని మార్పులు వెంటనే పోవు. క్రియాటినిన్ మామూలైందని రోగిని పంపించేసే ముందు ఈ సంగతి గుర్తు చేసుకోవాలి.

అందరినీ తప్పుదారి పట్టించేది ఆక్సిజన్ కొలత. ఆక్సిజన్ వదిలేసిన హీమోగ్లోబిన్ అయస్కాంత క్షేత్రాన్ని కలత పెడుతుంది; ఆ కలతను ఆర్2స్టార్ అనే అంకెగా కొలుస్తారు, అంకె ఎక్కువైతే ఆక్సిజన్ తక్కువని అర్థం. మూత్రపిండాలకు గుండె పంపే రక్తంలో సుమారు ఐదో వంతు అందుతున్నా, మెడుల్లా అనే లోపలి భాగం ఎప్పుడూ ఆక్సిజన్ కొరత అంచున బతుకుతుంది, ఎందుకంటే ఉప్పును తిరిగి లాక్కునే భారమైన పని అక్కడ జరుగుతుంది. గొట్టాల కణాలు దెబ్బతిని ఆ పని మానేస్తే ఆక్సిజన్ ఖర్చు పడిపోతుంది, అంకె 'మెరుగు' పడినట్లు కనిపిస్తుంది. పని మానేసిన కణం తక్కువ తింటోందని సంతోషించడం ఎలా? అందువల్ల ఆక్సిజన్ కొలతను విడిగా ఎప్పుడూ చదవకూడదు; పక్కన ప్రసరణ అంకె, మూత్రం పరిమాణం ఉండాలి. ప్రసరణ, మూత్రం రెండూ పెరుగుతూ మెడుల్లా మళ్లీ ఆక్సిజన్ వాడుకోవడం మొదలుపెడితే, ఆ 'చెడిన' అంకె పని తిరిగి మొదలైందనడానికి గుర్తు కావచ్చు.

నీటి అణువుల కదలికను కొలిచే డిఫ్యూజన్ పద్ధతిలోనూ ఇలాంటి చిక్కే ఉంది. ఏడీసీ అనే అంకె తగ్గితే మచ్చ పడిందని రాసేస్తుంటారు. మచ్చ వల్ల అది తగ్గే మాట నిజమే, కానీ తొలి వారంలో కణాల వాపు వల్లా ప్రసరణ తగ్గడం వల్లా కూడా తగ్గుతుంది. మొదటి వారంలో తగ్గిన అంకెను మచ్చగా చదవకూడదు, మూడు నెలల తరువాత కూడా తగ్గే ఉంటే అప్పుడు మచ్చ గురించి ఆలోచించాలి. కణజాలం గట్టిదనాన్ని కొలిచే ఎలాస్టోగ్రఫీ విషయంలోనూ రక్తపోటు, సిరల ఒత్తిడి ప్రభావం ఉంటుందని మరువరాదు.

గడోలీనియం కాంట్రాస్ట్ గురించి ఒక్క మాట. వడపోత బాగా తగ్గినవారిలో చర్మాన్నీ లోపలి అవయవాలనూ బిగుసుకుపోయేలా చేసే జబ్బుకూ ఆ మందుకూ సంబంధం 2006లో బయటపడింది. ఇప్పుడు వాడే వలయాకార నిర్మాణం గల మందుల్లో ఆ ప్రమాదం చాలా అరుదు. అయినా పైన చెప్పిన కొలతలన్నీ ఆ మందు లేకుండానే సాధ్యం కాబట్టి, తీవ్రంగా దెబ్బతిన్న మూత్రపిండానికి తప్పనిసరైతే తప్ప దాన్ని వాడనక్కరలేదు.

న్యూక్లియర్ స్కాన్

ఎంఆర్ఐ అందుబాటులో లేని చోట్ల ఈ పాత పద్ధతి ఇప్పటికీ నమ్మకంగా పనిచేస్తుంది. 6 గంటల అర్ధజీవితం గల టెక్నీషియం అనే రేడియోధార్మిక పదార్థాన్ని మూడు రకాల మందులకు జత చేస్తారు: డీటీపీఏ వడపోతను చూపుతుంది, మ్యాగ్3ని గొట్టాల కణాలు రక్తం నుంచి లాక్కుంటాయి, డీఎమ్ఎస్ఏ పైపొర కణాల్లో అతుక్కుని మిగిలిన కణజాలం పటాన్ని ఇస్తుంది. ఆకస్మిక నష్టంలో మొదట అడగవలసినది మ్యాగ్3. రక్తం వచ్చి, కణాలు మందును లాక్కొని, బయటికి మాత్రం వదలలేక మూత్రపిండం నిమిషాల తరబడి మెల్లగా వెలుగు పోగుచేసుకుంటూ కనిపిస్తే, గొట్టాల కణాలు దెబ్బతిన్నా బతికే ఉన్నాయన్న మాట. ఈ తీరు కోలుకుంటుందన్న ఆశకు బలం ఇస్తుంది. మందు వచ్చినా లాక్కోవడమే జరగక నేపథ్యంలో కలిసిపోతే ఆ ఆశ తగ్గుతుంది. ఏ వైపు ఎంత పని చేస్తోందో శాతంలో చెప్పడం దీని మరో మేలు; మామూలుగా ఒక్కో వైపు 45 నుంచి 55 శాతం మధ్య ఉంటుంది.

విడి ముక్కలను కలిపి అంచనాకు రావడం

ఇద్దరు రోగులను ఊహించుకుందాం. మొదటి వ్యక్తికి తీవ్రమైన ఇన్ఫెక్షన్‌తో రక్తపోటు పడిపోయి, మూడో రోజుకు క్రియాటినిన్ 4.2కు చేరి, మూత్రం దాదాపు ఆగిపోయింది. అల్ట్రాసౌండ్‌లో మూత్రపిండాలు 11.5 సెంటీమీటర్లు, పైపొర మామూలు మందం, దారి తెరిచి ఉంది, నిరోధ సూచిక 0.78. రెండో వ్యక్తికి విరేచనాల తరువాత క్రియాటినిన్ అంతే స్థాయికి చేరింది, సూచిక 0.72 మాత్రమే, కానీ మూత్రపిండాలు 8.6 సెంటీమీటర్లు, పైపొర పలచన, తెల్లని మెరుపు. సూచికను మాత్రమే చూస్తే రెండో వ్యక్తి మెరుగు. నిజానికి మొదటి వ్యక్తికే ఎక్కువ ఆశ ఉంది, ఎందుకంటే కోలుకోవడానికి కావలసిన కణజాలం అతనిలో మిగిలి ఉంది. ఆరో రోజుకు రక్తపోటు మందులు తగ్గి, సూచిక 0.69కి దిగి, మూత్రం పెరగడం మొదలైతే ఆ ఆశ మరింత బలపడుతుంది. రెండో వ్యక్తి ఈ దెబ్బ నుంచి లేచినా, లేవగలిగే ఎత్తు పాత జబ్బు నిర్ణయించినదే. ఇప్పటి దెబ్బ తీవ్రత ఒక ప్రశ్న, మిగిలిన నిల్వ మరో ప్రశ్న. ఈ రెండింటినీ కలిపేసి ఒకే అంకెలో వెతకడం వల్లే ఎక్కువ పొరపాట్లు జరుగుతున్నాయి.

బొమ్మకు తోడుగా మంచం దగ్గర చేసే ఫ్యూరోసెమైడ్ పరీక్షను మరువకూడదు. నీటి కొరత లేని రోగికి, బరువులో కిలోకు 1 మిల్లీగ్రాము, అంతకుముందు ఆ మందు వాడినవారికి 1.5 మిల్లీగ్రాములు ఇచ్చి రెండు గంటలు మూత్రం కొలుస్తారు. 200 మిల్లీలీటర్లు కూడా రాకపోతే నష్టం ముదిరే అవకాశం ఎక్కువ. గొట్టాల పనిని పరీక్షించే ఈ కొలత, నిర్మాణాన్ని చూపే స్కాన్‌తో ఏకీభవిస్తే అంచనా గట్టిపడుతుంది, విభేదిస్తే తీర్పును వాయిదా వేసి రెండో స్కాన్ కోసం ఆగాలి. ఐసీయూలోనే ఈ పరీక్ష చేయాలనీ, తగ్గిన నీటిని వెంటనే భర్తీ చేసే ఏర్పాటు ఉండాలనీ వేరే చెప్పనక్కరలేదు.

కాలక్రమం విషయానికి వస్తే, మొదటి అల్ట్రాసౌండ్ 24 గంటల్లోపు జరగాలి. అడ్డు ఉందన్న అనుమానం ఉంటే ఇంకా త్వరగా. డాప్లర్, సాధ్యమైతే ఎంఆర్ఐ లేదా మ్యాగ్3, మూడో రోజుకూ ఏడో రోజుకూ మధ్య మళ్లీ చూడాలి, ఎందుకంటే 48 గంటలు దాటిన నష్టాన్ని కొనసాగుతున్న నష్టంగా, 7 రోజుల నుంచి 90 రోజుల మధ్య కాలాన్ని వేరే దశగా నిపుణులు 2017లో విడదీశారు, ఈ మలుపుల దగ్గరే చికిత్స నిర్ణయాలు మారతాయి. డయాలిసిస్ మీద ఉన్న రోగికి స్కాన్‌ను ప్రతిసారీ డయాలిసిస్‌కు ముందే గానీ, తరువాతే గానీ చేయాలి. ఒకసారి ముందు, మరోసారి తరువాత చేస్తే ఒంట్లోని నీటి తేడానే మూత్రపిండం తేడాగా కనిపిస్తుంది. కుటుంబంతో మాట్లాడేటప్పుడు శాతాలు చెప్పడం కంటే, ఇప్పుడు ఏది కనిపించింది, ఏ రోజున మళ్లీ చూస్తాం, అప్పుడు ఏది కనిపిస్తే మంచిది అన్న మూడు విషయాలు చెప్పడం మంచిది. ఎదురుచూడడానికి ఒక తేదీ ఉన్న మనిషి నిలదొక్కుకోగలడు.

మూడో నెల చివర చేసే స్కాన్‌ను చాలామంది మానేస్తారు, ఎందుకంటే అప్పటికి రోగి ఇంటికి వెళ్లి ఉంటాడు, క్రియాటినిన్ దిగి ఉంటుంది. నెలల తరబడి మంచాన ఉండి కండ కరిగిపోయిన మనిషిలో క్రియాటినిన్ తక్కువగా ఉండడం మూత్రపిండం గొప్పతనం కాకపోవచ్చు. అందుకే ఆ రోజున కండ మీద అంతగా ఆధారపడని సిస్టాటిన్ సీ రక్త పరీక్ష, మూత్రంలో అల్బుమిన్ అనే ప్రోటీన్ పరీక్ష, అల్ట్రాసౌండ్‌లో పొడవు, పైపొర మందం, రెండు వైపుల పోలిక, ఇవన్నీ మొదటి రోజు కొలతల పక్కన ఒకే పట్టికలో రాయాలి. పొడవులో సెంటీమీటరు లోపు తేడాను కొలిచే చేతి తేడాగానే భావించాలి. అంతకు మించి తగ్గితే, లేదా అల్బుమిన్ పోతూ ఉంటే, ఆ రోగిని మూత్రపిండ నిపుణుల క్లినిక్‌లో ఆరు నెలలకొకసారి చూసే జాబితాలో చేర్చి, నొప్పి మాత్రలు వాడవద్దని రాసిచ్చి, ఈ పట్టిక ప్రతిని అతని చేతికే ఇవ్వాలి.